టాటీబంధ్ దారిలో గ్రాంటు కథ: పని నేర్పే చదువు ఎవరి దయ?

రాయ్‌పూర్ నుంచి పడమరగా భిలాయి వైపు సాగే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డును అక్కడివారు జీఈ రోడ్డు అని పొట్టిగా పిలుస్తారు. ఒకప్పుడు 6వ నంబరు జాతీయ రహదారిగా నాగపూర్‌ను కలకత్తాతో కలిపిన ఈ మార్గం ఇప్పుడు 53వ నంబరు జాతీయ రహదారి. నగరం లోపల ఈ దారి పక్కన మొదట నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, తరువాత పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం, ఇంకొంత ముందుకు టాటీబంధ్ వద్ద అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంటే ఎయిమ్స్, కనిపిస్తాయి. టాటీబంధ్ కూడలి దాటితే లారీలు, టైర్ల దుకాణాలు, వెల్డింగు మెరుపులు, ఇంజన్లు విప్పి పరచిన మరమ్మతు షెడ్లు.

నాలుగైదు కిలోమీటర్ల ఈ దారిలో భారత ప్రభుత్వాలు వృత్తివిద్యకు డబ్బిచ్చిన పద్ధతులన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి. మొదటిది రాష్ట్రం కట్టి, తరువాత కేంద్రం చేతికి వెళ్లిన కళాశాల. రెండవది ప్రధానంగా రాష్ట్ర గ్రాంటు మీద నడిచే విశ్వవిద్యాలయం. మూడవది పూర్తిగా కేంద్ర ఖజానా పోషించే సంస్థ. నాలుగవది, అంటే షెడ్డులో స్పానర్ అందిస్తూ పని నేర్చుకునే కుర్రవాడి చదువు, ఏ ప్రభుత్వమూ చిల్లిగవ్వ ఇవ్వనిది. దేశంలో యంత్రాలను నడిపించే నైపుణ్యంలో పెద్ద భాగం ఈ నాలుగవ బడిలోనే పుడుతోంది. నూట డెబ్బై ఏళ్ల గ్రాంట్ల చరిత్ర ఆ బడి గడప దాకా ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

షరతులతో పుట్టిన సాయం

విద్యకు సర్కారు గ్రాంటు అనే మాట ఈ దేశంలో 1854 నాటి చార్లెస్ వుడ్ పత్రంతో వ్యవస్థగా స్థిరపడింది. బడి అంతా ప్రభుత్వమే నడపనక్కరలేదు, ప్రైవేటు సంస్థలు నడిపితే కొంత సాయం చేస్తే చాలు, ఆ సాయానికి బదులుగా తనిఖీ హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. ఇదీ దాని సారాంశం. గ్రాంటు అనే మాటలో ఆనాటి నుంచే రెండు అర్థాలు పెనవేసుకున్నాయి. ఒకటి సాయం, రెండవది అదుపు. ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి లెక్కల పుస్తకం తెరిచి చూస్తాడు. చూడటానికి వీలైన వాటికే, అంటే హాజరుపట్టీకి, పరీక్షా ఫలితాలకు, గోడలకు, బెంచీలకు, డబ్బు ఇస్తాడు. కమ్మరి కొలిమిలో నేర్చుకున్న ఒడుపు ఏ తనిఖీ పత్రంలోనూ ఇమడదు.

1882లో నియమించిన హంటర్ కమిషన్ ఉన్నత పాఠశాల స్థాయిలో చదువును రెండు పాయలుగా చీల్చాలని సూచించింది. ఒక పాయ విశ్వవిద్యాలయానికి, ఇంకొకటి వాణిజ్యానికీ చేతిపనికీ. సూచన బాగానే ఉంది. కాని సర్కారు కొలువుకు మెట్రిక్యులేషనే తలుపు అయినప్పుడు తల్లిదండ్రులు రెండవ పాయలోకి పిల్లలను ఎందుకు పంపుతారు? ఉద్యోగం ఒక వైపు చూపిస్తూ చదువును ఇంకొక వైపు తిప్పాలన్న ఈ ప్రయత్నం అప్పుడు విఫలమైంది. తరువాత కూడా చాలాసార్లు విఫలమైంది.

అదే కాలంలో ఇంగ్లండులో ఒక విచిత్రం జరిగింది. 1889లో సాంకేతిక శిక్షణ చట్టం వచ్చింది గాని, దానికి డబ్బు చాలలేదు. మరుసటి ఏడు మద్యం మీద విధించిన అదనపు సుంకాన్ని కొన్ని సారా దుకాణాల లైసెన్సుల రద్దుకు పరిహారంగా ఇవ్వాలని ప్రభుత్వం తలపెట్టింది. మద్యవ్యతిరేకులు గగ్గోలు పెట్టారు. చివరికి ఆ సొమ్మును కౌంటీ సభలకు మళ్లించి సాంకేతిక విద్యకు వాడుకోవచ్చన్నారు. ‘విస్కీ డబ్బు’ అని పేరుపడ్డ ఆ నిధితోనే ఇంగ్లండులో అనేక సాంకేతిక పాఠశాలలు లేచాయి. పని నేర్పే చదువు బడ్జెట్‌లో సొంత పీట సంపాదించుకోలేదు. ఇంకెవరి కోసమో వడ్డించిన విస్తరి దానికి దక్కింది. ఈ లక్షణం ఇంగ్లండుకే పరిమితం కాలేదు.

1910: లండన్ కాదన్నది, బందరు చేసి చూపింది

తెలుగువారి భూమి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అక్కడ ఆల్ఫ్రెడ్ ఛటర్టన్ అనే ఇంజనీరు అల్యూమినియం పాత్రల తయారీని, క్రోమ్ పద్ధతిలో తోళ్లు శుద్ధిచేయటాన్ని ప్రభుత్వ డబ్బుతో చేసి చూపాడు. శిక్షణ గాలిలో ఉండదు, పరిశ్రమ ఉన్నచోటే ఉంటుంది, పరిశ్రమ లేకపోతే ప్రభుత్వమే ముందు నడిచి దారి చూపాలి అన్నది ఆయన నమ్మకం. 1908లో ఉదకమండలంలో జరిగిన పారిశ్రామిక సదస్సు ఈ దారినే బలపరచింది. మద్రాసు ప్రభుత్వం పరిశ్రమల శాఖను ఏర్పాటు చేసింది.

స్థానిక యూరోపియన్ వర్తక సంస్థలకు ఇది నచ్చలేదు. 1910లో భారత వ్యవహారాల మంత్రి లార్డ్ మోర్లే ఆ ప్రయోగానికి అడ్డుకట్ట వేశాడు. ప్రజల సొమ్ముతో ప్రభుత్వం పరిశ్రమలు నడపరాదు, కావాలంటే పారిశ్రామిక బోధనకు ఖర్చు పెట్టుకోవచ్చు అని ఆయన వైఖరి. పైకి ఇది విద్యకు మేలు చేసిన మాటలా వినిపిస్తుంది. నిజానికి పనిని, పని నేర్పటాన్ని విడదీసిన మాట అది. ఆ తరువాత భారతదేశంలో వచ్చిన ప్రతి శిక్షణ పథకం ఈ చీలికతోనే పుట్టింది. బడి ఒకచోట, కర్మాగారం ఇంకొకచోట, నడుమ సర్టిఫికెట్టు.

అదే 1910 మార్చిలో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య దానికి మూలస్తంభాలు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటన రగిల్చిన స్వదేశీ వేడిలోంచి పుట్టిన సంస్థ అది. సర్కారు గ్రాంటు పుచ్చుకుంటే సర్కారు తనిఖీదారు వస్తాడు, వెనుకే సర్కారు పాఠ్యక్రమం వస్తుంది అని ఆ తరం గ్రహించింది. అందుకే ప్రజల చందాల మీద నిలబడి వడ్రంగం, నేత, తివాచీల పని, యంత్ర విద్య నేర్పే ప్రయత్నం చేసింది. అక్షరాన్నీ చేతిపనినీ ఒకే కప్పు కిందకు తెచ్చిన ఆ ప్రయోగం తెలుగువారి విద్యాచరిత్రలో గర్వించదగినది. చందా మీద ఎంతకాలం నడుస్తుంది అన్న ప్రశ్నను కూడా అదే సంస్థ ముందుతరాలకు మిగిల్చింది. గ్రాంటు పుచ్చుకుంటే స్వేచ్ఛ తగ్గుతుంది, వద్దంటే స్థోమత తగ్గుతుంది.

ఏడేళ్ల తరువాత అమెరికా ఈ చిక్కుకు ఇంకొక జవాబు వెతికింది. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టం వ్యవసాయం, పరిశ్రమలు, గృహవిజ్ఞానం నేర్పే పాఠశాలలకు సమాఖ్య నిధిని శాశ్వతంగా కేటాయించింది. కేంద్రం ఒక డాలరు ఇస్తే రాష్ట్రం ఒక డాలరు కలపాలి, ప్రతి రాష్ట్రం ఒక మండలిని నెలకొల్పి తన ప్రణాళికను ముందుగా సమర్పించాలి. ఆ చట్టం వారసత్వం 1984 నాటి పెర్కిన్స్ చట్టం మీదుగా నేటికీ నడుస్తోంది. అమెరికా వృత్తివిద్యకు లోపాలు లేకపోలేదు. కాని నిధికి చట్టం పునాది కావటంతో ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మార్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే అవసరం వారికి రాలేదు.

సారా సొమ్ము, శుక్లా గారి భూమి బడి

1937లో రాష్ట్రాలలో కాంగ్రెస్ మంత్రివర్గాలు ఏర్పడినప్పుడు విస్కీ డబ్బు కథ వేరొక రూపంలో ఈ దేశంలో తిరగబడింది. రాష్ట్రాల ఆదాయంలో ఆబ్కారీది పెద్ద వాటా. విద్యకు ఖర్చు పెట్టేది అందులోంచే. కాంగ్రెస్ మద్యనిషేధానికి కట్టుబడింది. సారా ఆపితే బడికి డబ్బెక్కడిది? పిల్లల చేతిపనే వారి చదువు ఖర్చును భరించాలి అని గాంధీజీ జవాబిచ్చారు. ఆ అక్టోబరులో వార్ధాలో జరిగిన సదస్సు, జాకిర్ హుసేన్ సంఘం నివేదిక ఆ ఆలోచనకు రూపమిచ్చాయి. పిల్లలు తయారు చేసిన వస్తువులు పేద చేతివృత్తులవారి సరుకుతోనే పోటీ పడతాయని ఆర్థికవేత్త కె.టి. షా ఆ సదస్సులోనే హెచ్చరించారు. నిధి లేని చోట ఆదర్శం బాలకార్మికతకు దారితీస్తుందేమోనన్న ఆ భయం కొట్టిపారవేయదగినది కాదు.

వార్ధా, రాయ్‌పూర్ రెండూ అప్పుడు ఒకే రాష్ట్రంలోనివి. మధ్యరాష్ట్రాలు, బేరారు అని దాని పేరు. ఆ రాష్ట్ర విద్యామంత్రి రాయ్‌పూర్ న్యాయవాది పండిత రవిశంకర్ శుక్లా. ఆయన ‘విద్యామందిర్’ అనే పథకం తెచ్చారు. ఊరిలోని దాత కొంత భూమి ఇస్తాడు, ఆ భూమి పంట మీద బడి నడుస్తుంది, సర్కారు గ్రాంటు కోసం ఏటా చేయి చాచనవసరం లేదు. ఆలయ మాన్యాలు, సత్రం ఈనాములు చూసిన సమాజానికి ఇది పరిచితమైన ఊహే. ఆ ‘మందిర్’ అనే పేరు మీదే ముస్లిం లీగ్ తీవ్ర అభ్యంతరం చెప్పటంతో పథకం మతవివాదంలో చిక్కుకుంది. 1939లో మంత్రివర్గాల రాజీనామాతో దాని వెనుకనున్న రాజకీయ బలమూ పోయింది. ఒక విద్యాసంస్థకు ఏటేటా అడుక్కోనవసరం లేని సొంత ఆదాయం ఉండాలన్న దాని అసలు అంతస్సారం చర్చకే రాకుండా మరుగునపడింది. టాటీబంధ్‌కు వెళ్లే దారిలో 1964లో వెలసిన విశ్వవిద్యాలయం ఆయన పేరు మోస్తోంది. ఆయన పథకం చెప్పిన పాఠం మాత్రం ఆ గేటు దగ్గర ఎవరికీ గుర్తులేదు.

యుద్ధం ఇచ్చిన బడి

ఈనాటి ఐటీఐల మూలం శాంతికాలపు విద్యాలోచనలో లేదు. రెండవ ప్రపంచయుద్ధానికి ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు వేలాదిగా కావలసివచ్చి 1940లో ప్రభుత్వం సాంకేతిక శిక్షణ మొదలుపెట్టింది. యుద్ధం ముగిశాక, సైన్యం నుంచి విడుదలైనవారి పునరావాసం కోసం 1945లో ఒక డైరెక్టరేటు ఏర్పడింది. విభజన తరువాత శరణార్థులకూ అదే దిక్కయింది. 1950లో దానికి శాశ్వత రూపంగా చేతివృత్తుల శిక్షణ పథకం వచ్చింది. మొదట సుమారు 50 సంస్థలతో మొదలైన ఈ వ్యవస్థ కార్మిక శాఖ కింద పుట్టింది, విద్యాశాఖ కింద కాదు. బడి పంతులుకూ ఐటీఐ బోధకుడికీ మధ్య నేటికీ తెరగని గోడకు అక్కడే పునాది పడింది.

ఆ వ్యవస్థను రాష్ట్రాలకు అప్పగించాలని చెప్పిన సంఘానికి అధ్యక్షుడు బి. శివరావు. ఆయన ఢిల్లీలో ‘హిందూ’ పత్రిక విలేకరిగా పేరెన్నికగన్నవారు, రాజ్యాంగసభ సభ్యులు. 1954లో ఆయన సంఘం నివేదిక ఇచ్చింది. 1956లో రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వెళ్లింది. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పంచుకునేవి. విధానం, ప్రమాణాలు కేంద్రానివి, బడి రాష్ట్రానిది, డబ్బు ఇద్దరిది.

ఆ 1956లోనే రాయ్‌పూర్‌లో ఒక ముఖ్యమైన పునాదిరాయి పడింది. సెప్టెంబరు 14న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రభుత్వ గనుల, లోహశాస్త్ర కళాశాలకు శంకుస్థాపన చేశారు. అంతకు ముందు ఏడు భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ముప్పై కిలోమీటర్ల లోపే కొలిమి, ఇటు కళాశాల. మోర్లే విడదీసిన పనినీ చదువునూ అర్ధశతాబ్దం తరువాత స్వతంత్ర భారతం ఈ దారి మీద మళ్లీ కలపబోయింది. 1959లో భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించింది కూడా రాజేంద్రప్రసాదే.

ఈ దారికి తెలుగువారు కొత్తవారు కారు. 1931లో బెంగాల్ నాగపూర్ రైల్వే రాయ్‌పూర్‌నూ విజయనగరాన్నీ పట్టాలతో కలిపింది. ఆ రైలు పట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు రైల్వే వర్క్‌షాపుల్లో, ఆ తరువాత భిలాయిలో పని నేర్చి స్థిరపడ్డాయి. గనుల కళాశాల, రైల్వే షెడ్డు, ఉక్కు కర్మాగారం మూడూ ప్రభుత్వ సొమ్ముతో నిలిచినవే. వాటి నీడలో వేరే భాష మాట్లాడే పేదకూలీ బిడ్డ ఒక తరంలో ఫిట్టరు, ఇంకొక తరంలో ఇంజనీరు కాగలిగాడు. వృత్తివిద్య మీద పెట్టిన రూపాయి ఏమి చేయగలదో చెప్పటానికి వేరే సాక్ష్యం వెతకనక్కరలేదు.

1969: చేతులు మారిన తాళపుచెవి

1969 ఏప్రిల్ 1న ఐటీఐల ఆర్థిక నియంత్రణ కూడా రాష్ట్రాలకు మారింది. ఈ శిక్షణకు విడిగా అందే 60:40 సాయం ఆగిపోయి, ప్రణాళికా సంఘం ద్వారా వచ్చే మొత్తం సాయంలో అది కలిసిపోయింది. అదే నాలుగవ ప్రణాళికతో గాడ్గిల్ సూత్రం అమలులోకి వచ్చింది. సాధారణ రాష్ట్రాలకు ఇచ్చే సాయంలో 30 శాతమే గ్రాంటు, మిగిలిన 70 శాతం అప్పు.

అధికార వికేంద్రీకరణ దృష్టితో ఇది మంచి మార్పు. కాని పేరు పెట్టి ఇచ్చే డబ్బుకు కాపలా ఉంటుంది, మూటగట్టి ఇచ్చే డబ్బుకు పోటీ ఉంటుంది. రాష్ట్ర బడ్జెట్‌లో సాగునీటి ప్రాజెక్టు, విద్యుత్తు, జీతభత్యాల పక్కన లేత్ మెషిన్ నిలబడి గెలవలేదు. ఐటీఐ విద్యార్థి తండ్రి ఎమ్మెల్యే ఇంటి ముందు ధర్నా చేయడు. ఆ తరువాతి దశాబ్దాలలో కర్మాగారాల్లో యంత్రాలు మారాయి, ఐటీఐల్లో పాతవే తిరిగాయి.

రాజ్యాంగం ఈ విషయంలో మొదటి నుంచీ ద్వంద్వంగానే ఉంది. విద్య రాష్ట్ర జాబితాలో, కార్మికుల వృత్తి, సాంకేతిక శిక్షణ ఉమ్మడి జాబితాలో, కేంద్ర శిక్షణ సంస్థలు కేంద్ర జాబితాలో పెట్టారు. 1976లో 42వ సవరణ విద్యను కూడా ఉమ్మడి జాబితాకు తెచ్చింది. ఇక కేంద్రం పథకాల రూపంలో ఇచ్చే డబ్బులో అధికభాగం 282వ అధికరణం అండతో వస్తుంది. ఏ ప్రజాప్రయోజనానికైనా కేంద్రం గ్రాంటు ఇవ్వవచ్చు అనే ఆ అధికరణం ఇవ్వవచ్చు అంటుంది, ఇవ్వాలి అనదు. వృత్తివిద్య భవితవ్యం ఆ రెండు క్రియల మధ్య వేలాడుతోంది.

1986 జాతీయ విద్యావిధానం పన్నెండో తరగతి స్థాయిలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం విద్యార్థులను వృత్తి కోర్సులలోకి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. 1988లో దానికి కేంద్ర ప్రాయోజిత పథకం వచ్చింది. లక్ష్యం దరిదాపులకు కూడా చేరలేదు. హంటర్ కాలం నాటి తల్లిదండ్రులు చేసిన లెక్కనే ఈ కాలపు తల్లిదండ్రులూ చేశారు.

హక్కు రాసిన రాష్ట్రం

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. 2005 డిసెంబరులో గనుల కళాశాల వారసురాలైన ఇంజనీరింగు కళాశాల ఎన్ఐటీగా కేంద్రం చేతికి వెళ్లింది. 2012లో టాటీబంధ్ ఎయిమ్స్‌లో తొలి వైద్యవిద్యార్థులు చేరారు. పై మెట్టుకు కేంద్రం డబ్బు ధారాళంగా వచ్చింది. కింది మెట్టుకు 2007లో వచ్చినది వేరే రకం. 1,396 ప్రభుత్వ ఐటీఐలను పరిశ్రమల భాగస్వామ్యంతో బాగుచేసే ఆ పథకంలో ఒక్కో సంస్థకు రెండున్నర కోట్ల రూపాయలు ఇచ్చారు. అది గ్రాంటు కాదు, వడ్డీ లేని అప్పు. పదేళ్ల విరామం తరువాత ఇరవై ఏళ్లలో తిరిగి కట్టాలి. పేదపిల్లల బడి అప్పు తీర్చాలి, పెద్దచదువుల సంస్థ గ్రాంటు అందుకోవాలి. ఈ తేడాను పార్లమెంటులో గట్టిగా ప్రశ్నించినవారు అరుదు.

2011లో మావోయిస్టు ప్రాబల్యం ఉన్న 34 జిల్లాలకు కేంద్రం ప్రత్యేక నైపుణ్య పథకం ప్రకటించింది. జిల్లాకు ఒక ఐటీఐ, రెండు నైపుణ్యాభివృద్ధి కేంద్రాలు. ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ, బీజాపూర్ సహా ఏడు జిల్లాలు, తెలుగునేలలో ఖమ్మం ఆ జాబితాలో ఉన్నాయి. గోదావరికి ఇటూ అటూ ఉన్న అడవిపల్లెలకు శిక్షణ నిధి చేరటానికి తుపాకి చప్పుడు కారణం కావలసివచ్చింది. 1940లో ప్రపంచయుద్ధం, 2011లో అంతర్గత యుద్ధం. శాంతిగా ఉన్న పేదవాడికి మాత్రం వరుసలో చివరి స్థానం.

ఆ రోజుల్లోనే దంతెవాడ జిల్లా కలెక్టరు ఓ.పి. చౌధరి ‘లైవ్లీహుడ్ కాలేజీ’ అనే ప్రయోగం చేశారు. వేర్వేరు శిక్షణలను ఒకే ప్రాంగణంలోకి తెచ్చి, గిరిజన యువతకు వసతితో పాటు పని నేర్పటం దాని పద్ధతి. రాష్ట్రప్రభుత్వం దానిని అన్ని జిల్లాలకు విస్తరించింది. 2013లో రమణ్ సింగ్ ప్రభుత్వం ఒక అడుగు ముందుకు వేసి యువతకు నైపుణ్యాభివృద్ధి హక్కు చట్టం చేసింది. 14 నుంచి 45 ఏళ్ల లోపువారు దరఖాస్తు చేస్తే 90 రోజులలో శిక్షణావకాశం కల్పించాలన్నది దాని సారం. దేశంలో ఏ రాష్ట్రమూ అంతకు ముందు ఇలాంటి చట్టం చేయలేదు. ఇవ్వవచ్చు అన్న క్రియను ఇవ్వాలి అన్న క్రియగా మార్చిన తొలి శాసనం అది. కలెక్టరుగా ప్రయోగం చేసిన చౌధరి ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చి, 2023 డిసెంబరు నుంచి అదే రాష్ట్రానికి ఆర్థికమంత్రిగా ఉన్నారు. నిధి అడిగిన చేయే నిధి పంచే చేయి కావటం చరిత్రలో తరచు జరిగే విషయం కాదు.

గంటకు ఇంత, తలకు ఇంత

చట్టం హక్కు ఇచ్చినా, డబ్బులో గణనీయ భాగం కేంద్ర పథకాల ద్వారానే రావాలి. సరిగ్గా ఆ కాలంలోనే ఆ పథకాల స్వభావం మారిపోయింది. 2015 జూలై 15న ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 1,500 కోట్ల రూపాయలతో, 24 లక్షల మంది లక్ష్యంతో మొదలైంది. అప్పుడే శిక్షణ ఖర్చుకు ఉమ్మడి ధరలు ఖరారు చేశారు. కోర్సు తరగతిని బట్టి గంటకు 38 రూపాయల 50 పైసలు, 33 రూపాయలు, 27 రూపాయల 50 పైసలు. మొదలుపెట్టగానే 30 శాతం, సర్టిఫికెట్టు ఇచ్చాక 50 శాతం, ఉద్యోగం చూపాక 20 శాతం.

వుడ్ కాలం నుంచి గ్రాంటు సంస్థకు వెళ్లేది. ఇప్పుడు తలకు, గంటకు వెళ్లసాగింది. సంస్థకు ఇచ్చినప్పుడు బోధకుడు మిగులుతాడు, యంత్రం మిగులుతుంది, ఊరికి ఒక చిరునామా మిగులుతుంది. తలకు ఇచ్చినప్పుడు బ్యాచి ముగియగానే అద్దెగది ఖాళీ అవుతుంది. సొమ్ములో 80 శాతం సర్టిఫికెట్టుతోనే చేతికి వస్తే, మిగిలిన 20 శాతం కోసం ఉద్యోగం వెతికే కష్టం ఎందరు పడతారు? ఇది మనుషుల దుర్బుద్ధి కన్నా లెక్కల అమరిక చేసిన పని. ఈ పథకం రికార్డుల నాణ్యత మీద కాగ్ వేలెత్తి చూపవలసి రావటం ఆశ్చర్యం కలిగించదు.

గ్రాంటు అనే మాట ఎంత జారుడుదో తెలుగువారికి ఇంకెవరూ చెప్పనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తరువాత నైపుణ్యాభివృద్ధి సంస్థ తలపెట్టిన సీమెన్స్ ప్రాజెక్టులో 90 శాతం సాంకేతిక భాగస్వాముల వస్తురూప గ్రాంటు, 10 శాతం ప్రభుత్వ వాటా అన్నారు. ఆ 90 శాతం నిజంగా వచ్చిందా, ప్రభుత్వ వాటా ఎటు పోయింది అన్న ఆరోపణల మీద 2021లో కేసు, 2023 సెప్టెంబరు 9న చంద్రబాబునాయుడు అరెస్టు, నవంబరులో హైకోర్టు బెయిలు, 2024 జనవరిలో ముందస్తు అనుమతి అంశంపై సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల భిన్నాభిప్రాయం వరుసగా వచ్చాయి. ఆరోపణలను ఆయన మొదటి నుంచీ ఖండించారు. రాజకీయం ఎలా ఉన్నా, ఒక మౌలిక ప్రశ్న ఆ రభసలో కొట్టుకుపోయింది. సాఫ్ట్‌వేరు లైసెన్సు రూపంలో వచ్చే గ్రాంటు విలువను ఎవరు కట్టాలి, ఏ కొలతతో కట్టాలి? తెలంగాణ 2024లో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో ఆధునిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. అక్కడా పెట్టుబడిలో పెద్ద వాటా కంపెనీదే. ఆ విలువ లెక్క ప్రజల ముందు ఉంచటం ఏ పార్టీ అధికారంలో ఉన్నా చేయవలసిన పని.

2025 మే నెలలో కేంద్రమంత్రివర్గం వెయ్యి ఐటీఐల ఉన్నతికి ఐదేళ్లలో 60 వేల కోట్ల రూపాయలు ఆమోదించింది. కేంద్రం 30 వేలు, రాష్ట్రాలు 20 వేలు, పరిశ్రమలు 10 వేల కోట్లు. బోధకుల శిక్షణకు బలోపేతం చేసే ఐదు జాతీయ కేంద్రాలలో హైదరాబాద్ ఒకటి. డబ్బు మళ్లీ సంస్థ వైపు తిరగటం మంచి మలుపు. అయితే కేంద్రం వాటాలో సగం ప్రపంచబ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల నుంచి వస్తుంది. పరిశ్రమల వాటా వాగ్దానం దశలో ఉంది. వాగ్దానం చేసినవాడు ఇవ్వకపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ అనుభవం హెచ్చరిస్తూనే ఉంది.

షెడ్డు గడప

టాటీబంధ్ షెడ్డులోని కుర్రవాడికి ఈ చరిత్ర అంతా ఏమిచ్చింది? 1961 అప్రెంటిసు చట్టం పెద్ద కర్మాగారాన్ని ఉద్దేశించింది. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుందన్నది. కాని అందుకు నమోదు కావాలి, కాగితం కావాలి. పూర్వానుభవాన్ని గుర్తించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటూ కౌశల్ యోజనలో ఉంది. అది వచ్చిన పనికి ముద్ర వేస్తుంది గాని, పని నేర్పిన ఉస్తాదుకు ఒక్క రూపాయి ఇవ్వదు. ఇంజను శబ్దం విని రోగం చెప్పగల మనిషి ప్రభుత్వ లెక్కల్లో గురువు కాడు.

ఛత్తీస్‌గఢ్‌కు ఇందుకు మార్గమూ ఉంది, వనరూ ఉంది. గనుల ఆదాయంలోంచి ఏర్పడే జిల్లా ఖనిజ నిధి ప్రాధాన్యాలలో నైపుణ్యాభివృద్ధి ఒకటని కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. శుక్లా గారి విద్యామందిర్‌కు భూమి ఎలాంటిదో ఈ రాష్ట్రానికి ఖనిజం అలాంటిది. ఏటా ఢిల్లీ వైపు చూడనవసరం లేని సొంత ఆదాయం అది. ఆ నిధిలో ఒక నిర్ణీత వాటాను 2013 చట్టానికి కట్టివేస్తే, 90 రోజుల మాటకు బడ్జెట్ పద్దు తోడవుతుంది. ఉస్తాదును బోధకుడిగా, షెడ్డును తరగతిగా గుర్తించి ఆ వాటాలోంచే చెల్లిస్తే, మోర్లే 1910లో విడదీసిన పని, చదువు ఒకే కప్పు కిందకు వస్తాయి. దానికి కొత్త చట్టం అక్కరలేదు, ఉన్న చట్టాన్ని నమ్మితే చాలు.

విస్కీ సుంకం, యుద్ధ అవసరం, తిరుగుబాటు భయం, విదేశీ బ్యాంకు అప్పు. వృత్తివిద్యకు ఇంతవరకు డబ్బు వచ్చిన దారులివి. ప్రతిసారీ ఇంకొకదాని కోసం తీసిన సొమ్ములోంచి దానికి కొంత దక్కింది. హక్కు అని శాసనసభలో రాసుకున్న రాష్ట్రంలోనైనా అది తనకోసమే తీసిన సొమ్ముగా దక్కాలి. అంతవరకు ఎయిమ్స్ గోడకూ షెడ్డు గడపకూ మధ్య ఉన్న కొద్ది గజాల దూరం 1854 నుంచి నేటివరకు ఉన్నంత పొడవుగానే ఉంటుంది.